స్నానపు గది బాగుచేయుట: సొమ్ము ముందుగా ఎచ్చట పెట్టవలెను?

"ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు" అని పెద్దలు చెప్పిరి. కట్టిన ఇంటిని బాగుచేయుట కొన్ని వేళల కట్టుటకంటె కష్టము. కొత్తగా కట్టునపుడు ఏ పని తరువాత ఏ పని చేయవలెనో తేటగా తెలియుచుండును. బాగుచేయునపుడు మాత్రము పగులగొట్టి చూచినగాని లోపలి లోపము బయటపడదు. స్నానపు గది, మరుగుదొడ్డి విషయమున ఇది మరింత నిజము.

2014 అక్టోబరు 2వ తేదీన స్వచ్ఛభారత్ కార్యక్రమము ప్రారంభమైన పిమ్మట మన గ్రామములలో అనేక గృహములకు మరుగుదొడ్లు ఏర్పడినవి. అర్హత గల కుటుంబమునకు 12,000 రూపాయల ప్రోత్సాహకము లభించినది. నాటి గదులలో కొన్నింట నేల కుంగి నీరు నిలుచుచున్నది. కొన్నింట గుంట నిండినది. మరికొన్ని గదులు పిడకలకు, వంటచెరకునకు కొట్లుగా మారినవి. స్నానమునకు వేరుగా చోటు లేక స్త్రీలు పెరటిలో తడకల మాటున, తెల్లవారక మునుపే స్నానము ముగించుకొనవలసి వచ్చుట నేటికిని పలుచోట్ల చూచుచున్నాము.

అట్టి కుటుంబములు గదిని బాగుచేయించదలచినపుడు మొట్టమొదట అడుగు ప్రశ్న "ఎంత ఖర్చగును?" అనునది. దీనికి ఒక్క అంకెతో సమాధానము చెప్పుట సాధ్యము కాదు. కాని లెక్క వేయు విధానము తెలిసినచో ఎవరి ఇంటి ఖర్చు వారే కట్టుకొనవచ్చును. అందు ముఖ్యముగా గ్రహింపవలసినది ఒక్కటే. కంటికి కనబడు టైల్సుకంటె కంటికి కనబడని నేల క్రింది పనికి ముందుగా సొమ్ము కేటాయింపవలెను.

మొదట పరీక్ష

మేస్త్రీని పిలుచుటకు ముందే గృహస్థులు స్వయముగా కొన్ని పరీక్షలు చేయవచ్చును. రెండు బిందెల నీరు నేలపై పోసి ఎటు పారునో, ఎచ్చట నిలుచునో సుద్దతో గుర్తు పెట్టవలెను. గోడల వెలుపలి వైపున చెమ్మ ఎంత ఎత్తువరకు ఎక్కినదో చూడవలెను. దుర్వాసన వచ్చుచున్నచో, నీరు పోవు రంధ్రము క్రింద నీరు నిలిచి వాసనను అడ్డగించు ట్రాపు ఉన్నదో లేదో తెలిసికొనవలెను. గుంట ఒక్కటే కలదా, రెండు కలవా, త్రాగు నీటి బావికి లేక బోరునకు ఎంత దూరమున్నది అనునది కొలవవలెను. ఈ వివరములు ఒక కాగితముపై వ్రాసికొనిన పిమ్మటనే బేరమునకు దిగవలెను. కొలతలు లేని బేరమున మోసము లేకపోయినను పొరపాటు తప్పదు.

నేల క్రింది పని

నేలకు వాలు సరిగా లేకున్నచో ఎంత ఖరీదైన టైల్సు పరచినను నీరు నిలుచును. 6 అడుగుల పొడవునకు సుమారు ఒక అంగుళము వాలు ఉండవలెను. మరుగుదొడ్డి నుండి గుంటకు పోవు 4 అంగుళముల పైపునకు 10 అడుగులకు 3 అంగుళముల వాలు ఇచ్చినచో మలినము మధ్యలో ఆగదు. ఈ పైపునకు వంపులు ఎంత తక్కువగా ఉండిన అంత మంచిది.

స్నానపు నీటిని మరుగుదొడ్డి గుంటలోనికి వదలరాదు. అట్లు వదలినచో గుంటలో ఎల్లప్పుడు నీరు నిండియుండి, ఇంకుట మందగించును. స్నానపు నీటిని వేరొక పైపు ద్వారా ఇంకుడు గుంటకు గాని, పెరటిలోని అరటి మొక్కలకు గాని పంపవలెను. ఒకే గదిలో రెండు ఏర్పాట్లు ఉన్నను పైపులు మాత్రము వేరుగా ఉండవలెను.

పైపులు అమర్చి, నేల కాంక్రీటు వేసి, గోడల అడుగున ఒక అడుగు ఎత్తువరకు నీరు దిగని పూత పూసిన తరువాత ఒక పరీక్ష తప్పక చేయవలెను. నీరు పోవు రంధ్రమును మూసి, నేలపై రెండు అంగుళముల నీరు నిలిపి, ఒక పగలు, ఒక రాత్రి అట్లే ఉంచవలెను. నీటిమట్టము అసాధారణముగా తగ్గినను, గోడ వెలుపల చెమ్మ కనబడినను ఎచ్చటనో లోపమున్నదని అర్థము. ఈ పరీక్షకు ఖర్చు లేదు. ఇది ముగియక పూర్వము టైల్సు పరచుటకు అంగీకరింపరాదు.

ఒంటి గుంట, జంట గుంటలు

ఒక్క గుంట మాత్రమే ఉన్న ఇంటివారు, అది నిండిన నాడు ఏమి చేయుదురు? నిండిన గుంటలోని పచ్చి మలినమును మనుషులచే ఎత్తించుట 2013వ సంవత్సరపు చట్టము ప్రకారము నిషిద్ధము. సెప్టిక్ ట్యాంకులోనికి మనిషిని దింపుట ప్రాణాంతకము. అందు చేరిన విషవాయువుల వలన దిగినవారును, వారిని కాపాడబోయినవారును మరణించిన సంఘటనలు దేశమున పలుమార్లు జరిగినవి. కొద్దిపాటి ఖర్చు మిగులుననుకొని ఒకని ప్రాణమును పణముగా పెట్టుట తగదు. ట్యాంకును యంత్రముతోనే శుభ్రము చేయించవలెను.

ఒంటి గుంట గలవారికి రెండవ గుంటను చేర్చుకొనుట మేలైన మార్గము. రెండింటికిని నడుమ ఒక చిన్న తొట్టి కట్టి, ఒక గుంట వాడుకలో ఉండగా రెండవదానికి పోవు దారిని మూసి ఉంచవలెను. మొదటిది నిండినపుడు దారి మార్చి, దానిని కనీసము ఒక సంవత్సరము, నీటి ఊట గల నేలలలో రెండు సంవత్సరములు కదపక ఉంచినచో లోపలి మలినము వాసన లేని పొడి ఎరువుగా మారును. రెండు గుంటల నడుమ మీటరునకు తగ్గని ఎడము, త్రాగు నీటి బావికి కనీసము 10 మీటర్ల దూరము ఉండవలెను. గుంట అడుగున సిమెంటు వేయరాదు. వేసినచో నీరు ఇంకదు.

ఒక ఇంటి లెక్క

లోపలి కొలత 6 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు గల గదిని ఉదాహరణగా తీసికొందము. ఇచ్చట వేసిన ధరలు లెక్క తీరును చూపుటకు మాత్రమే. పాఠకులు తమ ఊరి ధరలను వీని స్థానమున వేసికొనవలెను. మేస్త్రీకి దినమునకు 1,000 రూపాయలు, సహాయకునకు 700, సిమెంటు బస్తా 350, టైల్సు చదరపు అడుగు 45 రూపాయలని అనుకొందము.

1. పాత నేల పగులగొట్టి తీసివేయుట, ట్రాక్టరు బాడుగ: 4,000
2. పైపులు, ట్రాపు, కొళాయిలు, పైపుల పనివాని కూలి: 8,000
3. సిమెంటు 8 బస్తాలు, ఇసుక, కంకర, నీరు దిగని పూత: 7,000
4. రెండవ గుంట, సిమెంటు ఒరలు, మూత: 7,000
5. టైల్సు 119 చదరపు అడుగులు: 5,355
6. మేస్త్రీ, సహాయకుడు 6 దినములు: 10,200
7. మరుగుదొడ్డి బేసిను, తలుపు, దీపము: 7,000

మొత్తము 48,555 రూపాయలు. పగులగొట్టిన తరువాత బయటపడు పనులకై పదవ వంతు, అనగా 4,855 రూపాయలు, వేరుగా ఉంచుకొనవలెను. అప్పుడు 53,410 రూపాయలు సిద్ధముగా ఉండిననే పని మొదలు పెట్టవచ్చును.

ఈ పట్టికను శ్రద్ధగా చూడుడు. అందరును ముందుగా ఎన్నుకొను టైల్సు ఖరీదు మొత్తములో సుమారు తొమ్మిదవ వంతు మాత్రమే. ఎవరును అడుగని 2, 3, 4 అంశములు కలిసి 22,000 రూపాయలు. పొదుపు పేరిట వీనిని తగ్గించినచో ఏమగును? ఏడాది తిరుగక మునుపే నేల పగులగొట్టవలసి వచ్చును. నేల టైల్సునకు 1,485, మేస్త్రీకి, సహాయకునకు మూడు దినముల కూలి 5,100, పగులగొట్టు కూలి 1,400, వెరసి 7,985 రూపాయలు మరల పెట్టవలెను. నాడు మిగిల్చిన పైపు పని ఖర్చు దీనికి అదనము.

పొదుపు చేయదగిన చోటు

గోడలకు టైల్సు ఎంత ఎత్తువరకు వేయవలెనన్నది పొదుపునకు తగిన విషయము. పై గదికి 4 అడుగుల ఎత్తువరకు వేసినచో, తలుపు చోటు తీసివేయగా 78 చదరపు అడుగులు పట్టును. 7 అడుగుల వరకైనచో 138 అడుగులు. నరుకుటలో పోవు పదవ వంతును కలిపినచో టైల్సు ఖరీదే సుమారు 2,970 రూపాయలు పెరుగును. కూలి వేరు. నీరు చిందునది ముఖ్యముగా దిగువ భాగముననే కావున, పై భాగమునకు సిమెంటు పూత, రంగు సరిపోవును.

నేలకు పింగాణీ టైల్సే కావలెనన్న నియమము లేదు. తాండూరు, బేతంచెర్ల నాపరాళ్లు తరతరములుగా మన ఇండ్లలో వాడుకలో ఉన్నవి. గనులకు దగ్గర గ్రామములవారికి బాడుగ కలిసివచ్చును. మెరుగు పెట్టని గరుకు రాయి తడిలో కాలు జారనీయదు. నునుపైన టైల్సు వృద్ధులకు, గర్భిణులకు ప్రమాదకరము. తుంటి ఎముక విరిగిన వృద్ధురాలి వైద్యమునకగు వ్యయము ముందు గది మొత్తము ఖర్చు కూడ స్వల్పమే. ఇంట పెద్దలున్నచో గోడకు ఒక ఉక్కు పిడి గట్టిగా బిగించుట మరువరాదు.

బజారులో సరుకు కొనునపుడు రసీదు తీసికొనవలెను. 2025 సెప్టెంబరు 22వ తేదీ నుండి సిమెంటుపై పన్ను 28 శాతము నుండి 18 శాతమునకు తగ్గింపబడినది. రసీదు లేనిదే ఈ తగ్గింపు తమకు అందినదో లేదో కొనుగోలుదారునకు తెలియదు. విద్యుత్తుతో నీరు కాచుకొనువారు ఎర్తు తీగను, విద్యుత్తు లీకైన వెంటనే సరఫరాను నిలిపివేయు రక్షణ స్విచ్చిని తప్పక అమర్చుకొనవలెను.

అప్పు చేయుటకు ముందు

చేత సొమ్ము లేనివారు నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి 50,000 తెచ్చినచో సంవత్సరమునకు వడ్డీయే 12,000 రూపాయలగును. మరుగుదొడ్డి లేని అర్హులకు ఒకప్పుడు లభించిన ప్రోత్సాహకము మొత్తము ఇంతే యని గుర్తుంచుకొనవలెను. ఇట్టివారు పనిని రెండు విడతలుగా చేసికొనుట మేలు.

మొదటి విడతలో పగులగొట్టు పని, పైపులు, నీరు దిగని పూత, గుంట, బేసిను, మూడు దినముల కూలి, వెరసి 32,600 రూపాయలు. నేలకు గరుకు సిమెంటు పూత పూసి, పాత తలుపునే బిగించి, గదిని వెంటనే వాడుకొనవచ్చును. మిగిలిన టైల్సు, కొత్త తలుపు, దీపము, మూడు దినముల కూలి కలిసి 15,955 రూపాయలు. వీనిని పంట సొమ్ము వచ్చిన పిదప చేసికొనవచ్చును. అయితే మొదటనే గడప ఎత్తును రెండు అంగుళములు పెంచి ఉంచవలెను. లేనిచో టైల్సు పరచిన తరువాత నీరు గది దాటి ఇంటిలోనికి వచ్చును. ఈ విధముగా చేసినచో ఏ పనియు రెండుసార్లు చేయవలసిన అగత్యము కలుగదు.

స్నానపు గది అతిథులకు చూపుటకు ఉద్దేశింపబడినది కాదు. ఇంటి ఆడపడుచు చీకటి కొరకు ఎదురు చూడక, వృద్ధురాలైన తల్లి గోడ పట్టుకొని తడుముకొనక, తలుపు వేసికొని నిర్భయముగా స్నానము చేయగలిగిననాడు ఆ ఖర్చు సార్థకమగును. టైల్సు లేకున్నను ఆ గౌరవమునకు లోటు రాదు. నేల క్రింది పని చెడినచో మాత్రము ఎంత మెరుగు పెట్టినను ఆ గది నిలువదు. కావున గృహస్థులు అంగడికి పోయి రంగులు ఎంచుటకు ముందు, ఇంటి వెనుకకు పోయి గుంటను, పైపును, వాలును ఒక్కసారి చూచుకొందురు గాక.