రౌటర్ డబ్బా మీది అంకెలో మీ గదికి చేరేదెంత?

హైదరాబాద్ నుంచి చేవెళ్ల వెళ్లే రోడ్డు మీది అజీజ్‌నగర్‌కు ఒకవైపు హిమాయత్‌సాగర్, మరోవైపు గండిపేట. ఈ జంట జలాశయాలను కాపాడేందుకు 1996లో వచ్చిన జీవో 111, 10 కిలోమీటర్ల పరిధిలోని 84 గ్రామాల్లో పెద్ద నిర్మాణాలను కట్టడి చేసింది. అందుకే ఇటువైపు తోటల మధ్య విడివిడి ఇళ్లు, ఫామ్‌హౌస్‌లు కనిపిస్తాయి. కేఎల్ యూనివర్సిటీ ప్రాంగణం, విద్యాజ్యోతి ఇంజినీరింగ్ కాలేజీ ఉన్నాయి కాబట్టి విద్యార్థులు పక్కపక్క గదుల్లో ఉండే హాస్టళ్లూ ఉన్నాయి. వైఫై విషయంలో తోట ఇంటికి దూరం సమస్య, హాస్టల్‌కు రద్దీ సమస్య. రెండింటికీ ఒకే రౌటర్ సలహా పనికిరాదు.

మీకు కావాల్సింది ఎంత?

ఆన్‌లైన్ క్లాసుకు 3 నుంచి 4 ఎంబీపీఎస్ చాలు. సినిమాకు 1080పీ అయితే 5, 4కే అయితే 15 ఎంబీపీఎస్ ఉండాలని నెట్‌ఫ్లిక్స్ చెబుతోంది. ఒక టీవీలో 4కే సినిమా, ఇద్దరు పిల్లలకు క్లాసులు, ఒక ఫోన్లో వీడియో ఒకేసారి నడిచినా 15+8+5, అంటే 28 ఎంబీపీఎస్. నలుగురున్న ఇంటికి 50 ఎంబీపీఎస్ ప్లాన్ హాయిగా సరిపోతుంది.

ప్లాన్‌లో చెప్పే వేగం బిట్లలో ఉంటుంది, ఫైళ్ల సైజు బైట్లలో ఉంటుంది. 8తో భాగిస్తే అసలు లెక్క తేలుతుంది: 50 ఎంబీపీఎస్ అంటే సెకనుకు 6.25 మెగాబైట్లు.

డబ్బా మీది అంకెలు

ఏసీ1200 అనే పేరు 300, 867 కలిపి, పైకి సవరిస్తే వచ్చింది. ఏఎక్స్3000 కూడా అలాగే 574, 2402 కలిపిన మొత్తానికి దగ్గరి అంకె. రెండు జతల్లోనూ మొదటి అంకె 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌ది, రెండో అంకె 5 గిగాహెర్ట్జ్‌ది. మన ఫోన్ సాధారణంగా ఒక సమయంలో ఒక బ్యాండ్‌నే వాడుతుంది కాబట్టి ఆ మొత్తం ఏ ఒక్క ఫోన్‌కూ అందదు. అందిన దాంట్లోనూ చేతికి వచ్చేది దాదాపు సగమే. అయినా 100 ఎంబీపీఎస్ లోపు ప్లాన్‌కు ఏసీ1200 చాలు. ప్లాన్ అంతకు మించితే రౌటర్ పోర్టులు గిగాబిట్‌వో కావో చూసి కొనాలి. చవక రౌటర్లలో చాలావాటి పోర్టులు 100 దగ్గరే ఆగిపోతాయి.

హాస్టల్ లెక్క, తోట ఇంటి లెక్క

2.4 గిగాహెర్ట్జ్‌లో మన దేశంలో 13 చానెళ్లున్నా, ఒకదానిమీద ఒకటి పడకుండా వాడుకోగలిగినవి మూడే: 1, 6, 11. పక్క గదిలో నాలుగో రౌటర్ పెట్టారంటే అది ఎవరో ఒకరితో గాలిని పంచుకోవాల్సిందే. ఈ బ్యాండ్ మొత్తం వెడల్పు 83.5 మెగాహెర్ట్జ్. 5 గిగాహెర్ట్జ్‌లో మాత్రం 2018లో కేంద్రం 605 మెగాహెర్ట్జ్‌కు లైసెన్సు అక్కర్లేకుండా చేసింది. హాస్టల్లో ఉండేవారు రెండు బ్యాండ్ల రౌటర్ కొని, 5 గిగాహెర్ట్జ్‌నే వాడుకోవాలి.

తోట ఇంట్లో శత్రువు దూరం. ఖాళీ స్థలంలోనైనా దూరం రెట్టింపైతే సిగ్నల్ శక్తి నాలుగో వంతుకు పడిపోతుంది. 10 మీటర్ల దగ్గర ఉన్నది 40 మీటర్లకు చేరేసరికి పదహారో వంతే. మధ్యలో గోడలుంటే ఇంకా తగ్గుతుంది. ఎక్కువ యాంటెన్నాలున్న ఖరీదైన రౌటర్ ఈ లెక్కను తారుమారు చేయలేదు. ఒకే రేడియోతో పనిచేసే రిపీటర్ విన్నదాన్నే మళ్లీ చెప్పాలి కాబట్టి వేగాన్ని దాదాపు సగం చేస్తుంది. దీనికి తగిన మందు కేబుల్. క్యాట్6 వైరు 100 మీటర్ల దాకా గిగాబిట్ వేగాన్ని మోస్తుంది. ఔట్‌హౌస్ దాకా వైరు లాగి, చివర రెండో యాక్సెస్ పాయింట్ పెడితే చాలు.

కరెంటు సంగతీ చూడాలి. 10 వాట్ల రౌటర్ నెలంతా వెలిగినా ఖర్చయ్యేది 7.2 యూనిట్లే. కరెంటు పోతే క్లాసు ఆగకుండా ఉండాలంటే మినీ యూపీఎస్ తీసుకోండి. అడాప్టర్ మీద 12 వోల్టులని ఉంటే యూపీఎస్ కూడా 12 వోల్టులదే కావాలి. ఫైబర్ బాక్స్ విడిగా ఉంటే దానికీ కరెంటు అందాలి.

పాత ల్యాప్‌టాప్‌కు లినక్స్

రౌటర్ మార్చినా కంప్యూటర్ నత్తనడక నడుస్తుంటే తప్పు నెట్‌ది కాకపోవచ్చు. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 కావాలంటే టీపీఎం 2.0 భద్రతా చిప్, 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్థలం ఉండాలి. ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం ప్రాసెసర్‌తో మొదలవ్వాలి. అంతకంటే పాత ల్యాప్‌టాప్ చెడిపోకపోయినా గడప అవతలే ఉండిపోతుంది.

అలాంటి ల్యాప్‌టాప్‌లో విండోస్‌కు బదులు లినక్స్ మింట్ వేసుకోవచ్చు. అది 2 జీబీ ర్యామ్, 20 జీబీ స్థలం ఉంటే నడుస్తుంది, 4 జీబీ ఉంటే సుఖంగా ఉంటుంది. 22 సిరీస్‌కు 2029 ఏప్రిల్ దాకా భద్రతా అప్‌డేట్లు ఉచితం. డౌన్‌లోడ్ ఫైల్ దాదాపు 3 జీబీ. 50 ఎంబీపీఎస్ నిండుగా అందితే 8 నిమిషాల పని. దాన్ని ఎచర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో 8 జీబీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాలి. పెన్‌డ్రైవ్‌లో ఉన్నదంతా చెరిగిపోతుంది కాబట్టి ఖాళీది వాడండి. ల్యాప్‌టాప్ ఆన్ చేస్తూ బూట్ మెనూ తెరిస్తే మింట్ పెన్‌డ్రైవ్ నుంచే నడుస్తుంది. ఇన్‌స్టాల్ నొక్కేదాకా హార్డ్‌డిస్క్ జోలికి వెళ్లదు.

అలా నడుస్తుండగానే వైఫై, స్పీకర్, కెమెరా, ప్రింటర్ పరీక్షించండి. కొన్ని బ్రాడ్‌కామ్ వైఫై చిప్‌లు వెంటనే పనిచేయవు. ఫోన్‌ను యూఎస్‌బీ టెథరింగ్‌తో కలిపి, డ్రైవర్ మేనేజర్‌లో చూడాలి. 5 గిగాహెర్ట్జ్ నెట్‌వర్క్ జాబితాలోనే కనిపించకపోతే, ల్యాప్‌టాప్ కార్డు 2.4కే పరిమితం కావచ్చు. అప్పుడు కొత్త రౌటర్ కొన్నా ఆ ల్యాప్‌టాప్‌కు 5 గిగాహెర్ట్జ్ అందదు.

తెలుగు చదవడానికీ ఇన్‌స్క్రిప్ట్‌లో టైప్ చేయడానికీ ఇబ్బంది లేదు. హైదరాబాద్‌లోని స్వేచ్ఛ సంస్థ తెలుగులోనే లినక్స్ డెస్క్‌టాప్‌ను అందించింది. ఇంజినీరింగ్ కాలేజీల్లో ఆ సంస్థకు గ్లగ్ అనే విద్యార్థి బృందాలున్నాయి. అయితే అను ఫాంట్లతో డీటీపీ చేసేవారు, ఆటోక్యాడ్ మీద ఆధారపడ్డవారు, విండోస్‌లోనే నడిచే పరీక్షలు రాసే విద్యార్థులు విండోస్‌ను తీసేయకూడదు.

ఏది ముందు?

మొదట పెన్‌డ్రైవ్ కొని కంప్యూటర్‌ను పరీక్షించండి. తర్వాత ఉన్న రౌటర్‌నే ఇంటి మధ్యకు, ఎత్తుకు మార్చి ప్రతి గదిలో వేగం కొలిచి రాసుకోండి. దూరం సమస్య అయితే కేబుల్, రద్దీ సమస్య అయితే రెండు బ్యాండ్ల రౌటర్. ఇద్దరు పిల్లలు ఒకే కంప్యూటర్ కోసం వంతులు వేసుకునే ఇంట్లో, మూలనపడ్డ ల్యాప్‌టాప్‌ను మళ్లీ బల్ల మీదికి తేవడమే అన్నిటికంటే పెద్ద లాభం. ఖర్చును అక్కడి నుంచే మొదలుపెట్టాలి.