ఉసిరి నీడన హాజరుపట్టీ

ఆశ్వయుజ కార్తికాలు శరదృతువు. వానలు వెనుదిరిగి, ఆకాశం తేటపడి, వరిచేలు బరువెక్కే కాలమిది. సరిగా ఈ దినాలలోనే ఇంగ్లండులో ఆకులు పండి రాలుతూ ఉంటే, అక్కడివారు పాత మిత్రులను వెంటబెట్టుకొని పల్లెబాటల వెంట నడకకు బయలుదేరుతారు. మనకు ఈ ఋతువులో చూడదగినది రాలే ఆకు కాదు, కాయలతో నిండిన ఉసిరిచెట్టు. సంస్కృతంలో ఉసిరికకు ధాత్రి అని పేరు. ధాత్రి అంటే తల్లి అనీ, భూమి అనీ కూడా అర్థాలున్నవి. ఆ తల్లి నీడలో కూర్చుండి భుజించడమే కార్తిక వనభోజనం.

మా ఎలమంచిలి ప్రాంతం వారికి వనభోజనమనగానే పంచదార్ల స్ఫురిస్తుంది. ఇప్పటి అనకాపల్లి జిల్లా రాంబిల్లి మండలంలో, కొండ పాదాన ధర్మలింగేశ్వరుని ఆలయమున్నది. కొండలోనుంచి దిగివచ్చే ఐదు ధారల వల్లనే ఆ ఊరికి ఆ పేరు. ఎలమంచిలిని ఏలిన చాళుక్యుల 15వ శతాబ్ది నాటి శాసనాలు అక్కడి స్తంభాల మీద చెక్కి ఉన్నవి. ఆ రాజులు పోయినారు. ధారలు మాత్రం నిలిచినవి.

గత కార్తికంలో ఒకే ఆదివారానికి నాకు రెండు పిలుపులు వచ్చినవి. ఒకటి మా కులస్థుల వనభోజనానికి. చక్కగా అచ్చువేసిన ఆహ్వానపత్రిక. కులానికొక తోట, తోటకొక పందిరి అన్నట్లు ఈ వేడుక విడిపోవడం కొన్ని దశాబ్దాలుగా చూస్తూనే ఉన్నాము. రెండవది 1984లో నాతో పదవ తరగతి ముగించిన మిత్రులది. అది ఫోనులో వచ్చిన రెండు ముక్కలు: “పంచదార్లకు రా. చెంబు తెచ్చుకో.”

నేను చెంబు తీసుకొని బయలుదేరాను.

నెరసిన జుట్లను బట్టి ఎవరు ఎవరో పోల్చుకోలేక కొంతసేపు నవ్వుకున్నాము. అప్పుడు మాలో ఒకడు, చిన్ననాటి హాజరుపట్టీని జ్ఞాపకం నుంచే చదవసాగాడు. “హాజరండీ!” అంటూ ఏబది దాటినవారు చేతులెత్తారు. నాలుగు పేర్లకు బదులు రాలేదు. ఆ పేరు వచ్చినప్పుడల్లా అతడు ఒక్క క్షణం ఆగి, తరువాతి పేరు పిలిచాడు. ఆ నిమిషాలలో ధార చప్పుడు తప్ప మరేమీ వినిపించలేదు.

అన్నం వేళకు నాకొక పాత సంగతి గుర్తు వచ్చి మనస్సు చివుక్కుమన్నది. ఆ ఏడు కార్తికంలోనూ ఇట్లాగే తోటకు వెళ్లాము. మాలో ఒకడు తన విస్తరాకు తానే తెచ్చుకొని, దూరంగా గట్టు మీద కూర్చున్నాడు. వాణ్ణి పొమ్మన్నవారు లేరు, రమ్మన్నవారూ లేరు. తరగతిలో వాడి పేరు నా పేరు తరువాతనే ఉండేది; నోటు పుస్తకాలు ఇచ్చి పుచ్చుకునేవాళ్లం. అయినా ఆనాడు నేను నోరు మెదపలేదు. ఎవరికీ కోపం రాని తప్పులే ఎక్కువ కాలం నిలుస్తాయి కాబోలు.

అతడు విశాఖపట్నం ఓడరేవులో క్రేను నడుపుతున్నాడు. ఆనాడు గుమ్మడికాయ దప్పళం, కందాబచ్చలి కూర వండించే భారం అతనిదే. వడ్డన ముగించి కూర్చోబోతుంటే వెళ్లి పక్కన నిలబడ్డాను.

“ఏటిరా మేష్టరూ, నా పక్కన కూకుంటావా?” అన్నాడు.

“చోటుంటే” అన్నాను.

అతడు తన విస్తరి కొంచెం జరిపాడు. అంతకుమించి ఆ విషయం మేము మాట్లాడుకోలేదు.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక మనవి. ఈ కార్తికంలో పిల్లలను తోటకు తీసుకువెళ్లినప్పుడు, పంక్తిని వారి ఇష్టానికి వదలకండి. ఏ బండి దిగినవారు ఆ బండివారితోనే, ఏ వీధివారు ఆ వీధివారితోనే కూర్చుంటారు. హాజరుపట్టీ చేతబట్టుకొని, ఆ వరుసలోనే కూర్చుండబెట్టండి. ఎవరి పక్క ఎవరు వస్తారో అక్షరక్రమం నిర్ణయిస్తుంది. నలుబది ఏండ్ల తరువాత వారిలో ఏ ఒక్కడూ పక్కన చోటున్నదా అని అడగవలసిన అవసరం ఉండదు.