బీరువా వెనక గది

తెల్లవారితే శ్రీనగర్ కాలనీలో మొదట వినబడేది చీపురు చప్పుడు. అపార్టుమెంటు మెట్లు, కొట్ల ముందు జాగా, రోడ్డు అన్నీ ఊడుస్తారు. ఆ చీపురు కట్టింది ఎవరో ఎవరూ అడగరు. చీపుర్లు కట్టినవాళ్ళ కోసం ఒక మ్యూజియం ఉందంటే మీరు నమ్ముతారా? ఉంది. మన దేశంలో కాదు. జర్మనీలో, బెర్లిన్ నగరంలో ఉంది.

అది పెద్ద భవనమేమీ కాదు. రోజెంతాలర్ వీధిలో 39వ నంబరు ఇంటి వెనక భాగంలో కొన్ని గదులు, అంతే. టికెట్ లేదు. ఒకప్పుడు ఈ గదుల్లో ఒట్టో వైట్ అనే ఆయన చీపుర్లు, బ్రష్షులు చేయించేవాడు. ఆయనకు చూపు బాగా తక్కువ. ఆయన దగ్గర పనిచేసేవాళ్ళలో ఎక్కువమంది కళ్ళు కనబడనివాళ్ళు, చెవులు వినబడనివాళ్ళు. పైగా యూదులు.

యూదులంటే ఎవరు? యూదు మతం చాలా పాత మతం. గుంటూరు జిల్లాలో చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెం ఉంది. అక్కడ కూడా ఆ మతం పాటించే తెలుగు కుటుంబాలున్నాయి. 1933లో జర్మనీలో హిట్లర్ గద్దెనెక్కాడు. యూదుల ఉద్యోగాలు తీసేశాడు, కొట్లు లాక్కున్నాడు. 1941లో, బట్టల మీద పసుపు నక్షత్రం కుట్టుకుని తిరగాలని ఆర్డరు వేశాడు. తర్వాత రైళ్ళలో నింపి క్యాంపులకు పంపడం మొదలైంది. అలా యూరప్‌లో దాదాపు 60 లక్షలమంది యూదుల్ని చంపేశారు.

మరి వైట్ ఏం చేశాడు? ఆయన సైన్యానికి బ్రష్షులు సప్లయి చేసేవాడు. "వీళ్ళు లేకపోతే సైన్యం పని ఆగిపోతుంది" అని అధికారులకు చెప్పేవాడు. మాటతో పని కాకపోతే లంచం ఇచ్చేవాడు. లంచం తప్పే కదా అంటారేమో. అక్కడ ప్రాణాలు నిలిపింది అదే. ఒకసారి గెస్టాపో అనే రహస్య పోలీసులు పనివాళ్ళను పట్టుకుపోయారు. వైట్ వాళ్ళను ఉంచిన చోటికే వెళ్ళి, బతిమాలి, లంచమిచ్చి విడిపించుకొచ్చాడు.

కానీ 1943 ఫిబ్రవరి చివర పెద్ద పట్టివేత జరిగింది. పనివాళ్ళలో చాలామంది పోయారు. మిగిలినవాళ్ళను దాచాలి. ఎక్కడ దాచాలి? కార్ఖానా చివర కిటికీ లేని ఒక గది ఉంది. దాని తలుపుకు అడ్డంగా బట్టల బీరువా పెట్టారు. బట్టలు పక్కకు జరిపి, బీరువాలోంచే లోపలికి వెళ్ళాలి. హార్న్ అనే ఆయన, భార్య, ఇద్దరు పిల్లలు అందులో నెలల తరబడి ఉన్నారు. అదే సంవత్సరం అక్టోబరులో ఒక వేగువాడు పోలీసులకు చెప్పేశాడు. ఆ నలుగురినీ ఆష్విట్జ్ క్యాంపుకు పంపి చంపారు. ఆ గది ఇప్పటికీ ఉంది. మ్యూజియం చూడటానికి వచ్చినవాళ్ళు అందులోకి వెళ్ళి నిలబడతారు.

కార్ఖానాలో ఆలిస్ లిఖ్ట్ అనే అమ్మాయి ఆఫీసు పని చూసేది. ఆమెనూ, తల్లిదండ్రులనూ టెరీజియన్‌స్టాట్ క్యాంపుకు పంపారు. వైట్ అక్కడున్న తనవాళ్ళకు తిండి పార్శిళ్ళు పంపాడు. ఒకటీ రెండూ కాదు, 150కి పైగా. 1944 మేలో ఆలిస్‌ను ఆష్విట్జ్‌కు రైలెక్కించారు. దారిలో ఆమె ఒక కార్డు ముక్క రాసి రైల్లోంచి బయటికి విసిరింది. ఎవరో దాన్ని తీసి పోస్టు చేశారు. ఆ మనిషి పేరు కూడా మిగల్లేదు. కార్డు వైట్‌కు చేరింది.

ఆయన ఊరుకోలేదు. చీపుర్లు అమ్మేవాడిలాగా ఆష్విట్జ్ దాకా వెళ్ళాడు. ఆమెను క్రిస్టియన్‌స్టాట్ అనే మరో క్యాంపుకు మార్చారని తెలుసుకున్నాడు. ఆ క్యాంపు దగ్గర ఒక గది అద్దెకు తీసుకుని, ఆమె కోసం బట్టలు, మందులు, డబ్బు ఉంచాడు. ఆ సంగతి ఆమెకు చేరవేశాడు. 1945 జనవరిలో క్యాంపు ఖాళీ చేస్తున్నప్పుడు ఆలిస్ తప్పించుకుంది. బెర్లిన్ చేరి, యుద్ధం అయ్యేదాకా వైట్ ఇంట్లోనే దాక్కుంది. ఆమె తల్లిదండ్రులు మాత్రం తిరిగి రాలేదు.

వైట్ 1947లో చనిపోయాడు. ఆయన దగ్గర పనిచేసి బతికిన ఇంగె డాయిచ్‌క్రోన్ పెద్దయ్యాక జర్నలిస్టు అయ్యారు. ఈ కథ లోకానికి చెప్పింది ఆవిడే. 1999లో కొందరు విద్యార్థులు ఈ గదుల్లోనే ఒక ప్రదర్శన పెట్టారు. అదే 2006లో శాశ్వత మ్యూజియంగా మారింది. ఇంగె 2022లో, 99 ఏళ్ళ వయసులో కన్నుమూశారు.