మూర్తిమత్వ పరీక్షలు - మీ నాయకత్వ శైలి

లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు:
• మూర్తిమత్వ పరీక్ష ఫలితం ఏం చెబుతుందో, ఏం చెప్పలేదో వివరించగలుగుతారు.
• నాయకత్వ శైలి సందర్భాన్ని బట్టి ఎలా మారాలో ఉదాహరణతో చెప్పగలుగుతారు.
• మీ శైలిని మీరే పరిశీలించుకోగలుగుతారు.

1. పరిచయం

నాయకత్వం పెద్ద హోదాల్లో ఉన్నవారికి మాత్రమే సంబంధించిన విషయమని అనుకోకండి. స్వయం సహాయక సంఘాన్ని నడిపేవారు, దుకాణంలో ఇద్దరు పనివాళ్ళతో పని చేయించేవారు, ఆఫీసులో కొత్తవారికి పని నేర్పేవారు కూడా నాయకులే. ఉద్యోగం చేసుకుంటూ చదువుతున్న మీలో చాలామంది ఇలాంటి బాధ్యతను ఇప్పటికే మోస్తూ ఉండవచ్చు. ఎప్పుడో ఒకసారి సెల్‌ఫోన్‌లోనో, ఉద్యోగ ఎంపికలోనో మూర్తిమత్వ ప్రశ్నావళిని పూరించి కూడా ఉండవచ్చు. దానిలో మీరు 'అంతర్ముఖులు' అని వచ్చిందనుకోండి. నలుగురిని నడిపించడం నా వల్ల కాదని, చేతికందిన సూపర్‌వైజరు పదోన్నతిని వదులుకోవడం సరైనదేనా? జవాబు చెప్పాలంటే ఆ పరీక్ష దేనిని కొలిచిందో ముందు తెలియాలి.

2. పరీక్షలు దేనిని కొలుస్తాయి?

మూర్తిమత్వ పరీక్షలలో ముఖ్యమైనవి రెండు రకాలు. మొదటిది ప్రశ్నావళి. మీ గురించి మీరు ఇచ్చే జవాబులే దీనికి ఆధారం. కార్ల్ యూంగ్ 1921లో ప్రతిపాదించిన వర్గీకరణ నుంచి కేథరిన్ బ్రిగ్స్, ఆమె కుమార్తె ఇజబెల్ మయర్స్ రూపొందించిన ప్రశ్నావళి మనుషులను 16 రకాలుగా విభజిస్తుంది. అయితే చాలామంది అంతర్ముఖతకూ బహిర్ముఖతకూ నడుమ ఎక్కడో ఉంటారు. మధ్య గీతకు కొంచెం అటూ ఇటూ అయితే చాలు, రకం పేరు మారిపోతుంది. అందుకే కొన్ని వారాల తరువాత మళ్ళీ పూరిస్తే వేరే రకం రావచ్చు. పరిశోధకులు ఎక్కువగా వాడే 'ఐదు ప్రధాన లక్షణాల' నమూనా మనిషికి రకం పేరు పెట్టదు. ఒక్కో లక్షణం ఎంత మేరకు ఉందో చెబుతుంది.

రెండవది ప్రక్షేపక పరీక్ష. క్రిస్టియానా మోర్గన్, హెన్రీ ముర్రే 1935లో ప్రచురించిన థిమాటిక్ అపర్‌సెప్షన్ టెస్టు దీనికి ఉదాహరణ. అస్పష్టమైన బొమ్మను చూపించి కథ చెప్పమంటారు. చెప్పేవారి కోరికలు, భయాలు, ఆలోచనల తీరు ఆ కథలోకి వస్తాయని దీని వెనుక ఉన్న భావన.

ఫలితం అచ్చం మీ గురించే చెప్పినట్లు అనిపించినంత మాత్రాన అది సరైనదని అర్థం కాదు. అమెరికన్ మనస్తత్వవేత్త బెర్‌ట్రమ్ ఫోరర్ 39 మంది విద్యార్థులకు పరీక్ష పెట్టి, అందరికీ ఒకే వర్ణనను ఎవరిది వారిదే అన్నట్లుగా ఇచ్చాడు. అది తమకు ఎంత సరిపోయిందో వారు వేసిన మార్కుల సగటు 5కు 4.26. ఈ ప్రయోగాన్ని ఆయన 1949లో ప్రచురించాడు.

3. ఎంపిక వేరు, ఎదుగుదల వేరు

మన సైన్యంలో అధికారుల ఎంపికను గమనించండి. సర్వీసెస్ సెలక్షన్ బోర్డులో బొమ్మకు కథ రాయడం, ఒక పదం చూడగానే తోచిన వాక్యం రాయడం వంటి మనస్తత్వ పరీక్షలు ఉంటాయి. కానీ వాటితోనే నిర్ణయం జరగదు. బృందంతో చేయించే పనులు, ఇంటర్వ్యూ కూడా ఉంటాయి. కాగితం మీద కనిపించిన మనిషి, నలుగురి మధ్య కనిపించిన మనిషి, ఎదురుగా మాట్లాడిన మనిషి, ఈ మూడింటినీ కలిపి చూస్తారు.

అంతటితో కూడా అయిపోదు. సికింద్రాబాద్‌లోని కాలేజ్ ఆఫ్ డిఫెన్స్ మేనేజ్‌మెంట్ 1970లో వేరే పేరుతో ప్రారంభమై 1980లో ప్రస్తుత పేరు పొందింది. ఏళ్ళ తరబడి సేవ చేసిన త్రివిధ దళాల అధికారులు ఇక్కడ మళ్ళీ విద్యార్థులై నిర్వహణను అభ్యసిస్తారు. ఎంపిక నాటి పరీక్షే జీవితాంతానికి తీర్పు అయితే ఈ చదువుకు అవసరం ఉండేది కాదు.

4. కాకినాడ ప్రయోగం

మార్పు సాధ్యమేనా అన్న ప్రశ్నకు తెలుగు నేల మీదే ఒక ప్రసిద్ధ ప్రయోగం జరిగింది. హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ మెక్లెలాండ్ బృందం 1964లో దీనిని మొదలుపెట్టింది. కాకినాడ వ్యాపారులు, చిన్న పరిశ్రమల యజమానులు హైదరాబాద్‌లోని చిన్న పరిశ్రమల విస్తరణ శిక్షణ సంస్థలో శిక్షణ పొందారు. బొమ్మలు చూసి కథలు రాశారు. ఆ కథల్లో సాధన ప్రేరణ ఎంత ఉందో గుర్తించడం తామే నేర్చుకున్నారు. ఆటల్లో తాము మరీ తేలికైన లక్ష్యం ఎంచుకుంటున్నామా, మరీ కష్టమైనదా అని గమనించుకున్నారు. ఆ పైన తమ వ్యాపారానికి లక్ష్యాలు రాసుకున్నారు.

శిక్షణ పొందనివారితో పోల్చినప్పుడు, పొందినవారిలో వ్యాపారాన్ని చురుకుగా విస్తరించినవారు ఎక్కువగా కనిపించారు. అందరూ మారలేదన్నది కూడా నిజమే. మెక్లెలాండ్, డేవిడ్ వింటర్ ఈ వివరాలను 1969లో పుస్తకంగా వెలువరించారు. మనం గమనించవలసింది ఇది: అక్కడ పరీక్ష ఫలితం మనిషి మీద వేసిన ముద్ర కాలేదు, అతను పని మొదలుపెట్టే చోటు అయింది.

5. శైలి, సందర్భం

కర్ట్ లెవిన్, ఆయన సహచరులు 1939లో మూడు నాయకత్వ శైలులను పోల్చి చూపారు: నిరంకుశ శైలి, ప్రజాస్వామిక శైలి, జోక్యరహిత శైలి. మన దేశంలో జె.బి.పి. సిన్హా, ఆప్యాయత చూపుతూనే పని విషయంలో పట్టుబట్టే నాయకుణ్ణి గురించి 1980లో వివరించారు. కిందివారు పనిలో ఆరితేరే కొద్దీ ఆ నాయకుడు వారికి మరింత భాగస్వామ్యం ఇవ్వాలని ఆయన అభిప్రాయం.

ఉదాహరణకు, సికింద్రాబాద్‌లోని లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో మితభాషి అయిన ఒక సూపర్‌వైజరు ఉన్నారనుకుందాం. క్రేన్‌తో బోగీని ఎత్తుతున్నప్పుడు ఆమె చర్చ పెట్టరు, ఆజ్ఞ ఇస్తారు. సెలవుల జాబితా వేసేటప్పుడు అందరినీ అడుగుతారు. ఇరవై ఏళ్ళ అనుభవమున్న ఫిట్టరు పనిలో కలగజేసుకోరు, కొత్తగా చేరిన కుర్రవాడి పక్కన మాత్రం నిలబడతారు. ఆమె అంతర్ముఖురాలే. ఎక్కువ వినడం, తక్కువ మాట్లాడడం ఆమె స్వభావం. శైలి మాత్రం పనిని బట్టి, ఎదుటివారిని బట్టి ఆమె ఎంచుకుంటున్నది.

6. అభ్యాసం

సెలక్షన్ బోర్డు పరీక్షల్లో ఒకటైన స్వీయ వర్ణనను మీ కోసం మీరు రాసుకోండి. మీ గురించి తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు లేదా పై అధికారులు, స్నేహితులు ఏమనుకుంటున్నారు? మీరేమనుకుంటున్నారు? ఎలా మారాలనుకుంటున్నారు? ఒక్కొక్కదానికి నాలుగైదు వాక్యాలు చాలు. తరువాత వారిలో ఇద్దరిని నిజంగానే అడగండి. 'నేను ఎలాంటివాణ్ణి' అని అడిగితే మొహమాటానికి మంచే చెబుతారు. 'మొన్న ఆ పనిలో నేను ఏం చేసి ఉంటే మీకు సులువయ్యేది?' అని అడగండి. మీరు రాసినదానికీ వారు చెప్పినదానికీ తేడా ఎక్కడ ఉందో అక్కడ గీత గీయండి. ఈ నెలలో మీరు మార్చుకోవలసిన ఒక్క అలవాటు అక్కడ దొరుకుతుంది.

సారాంశం

పరీక్ష మీ మొగ్గును చూపుతుంది, మీ హద్దును కాదు. శైలి మీరు చేసే పనుల్లో కనిపిస్తుంది, దానిని మీకంటే ముందు మీతో పనిచేసేవారు గుర్తిస్తారు. కాబట్టి పదోన్నతి వచ్చినప్పుడు రకం పేరు చూసి వెనక్కి తగ్గకండి. ఆ పనికి ఏ నైపుణ్యం కావాలి, అది మీరు ఎలా నేర్చుకుంటారు అని ఆలోచించండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. ఫోరర్ ప్రయోగం నుంచి పరీక్ష రాసేవారు ఏం నేర్చుకోవాలి?
2. కాకినాడ ప్రయోగంలో కథలను వ్యాపారులే పరిశీలించుకోవడం వల్ల ప్రయోజనం ఏమిటి?
3. గత వారం మీరు ఇతరులతో చేయించిన రెండు పనులను తీసుకుని, వాటిలో మీరు అనుసరించిన శైలి సరిపోయిందో లేదో చర్చించండి.