అర్థశాస్త్ర పరీక్షకు ఆయత్తం కావడం ఎట్లా?

విశ్వవిద్యాలయ ప్రవేశానికి పూర్వం చదువవలసిన విషయాలలో అర్థశాస్త్రానికి ఒక విచిత్రమైన పేరున్నది. గణితం రానివారు, విజ్ఞాన శాస్త్రాలకు జంకినవారు ఆశ్రయించే సులభమైన విషయమని కొందరంటారు. పుస్తకం తెరిచిన పిమ్మట, ఇందులోని నిర్వచనాలు, సూత్రాలు, రేఖాపటాలు, సంవత్సరాలు చూచి ఇంతకంటె కఠినమైన విషయం లేదని వారే నిట్టూరుస్తారు. ఈ రెండు అభిప్రాయాలూ సరియైనవి కావు. అర్థశాస్త్రం సులభమూ కాదు, దుర్గ్రాహ్యమూ కాదు. చదువవలసిన తీరులో చదివినవానికి అది తన ఇంటి సంగతి వలె బోధపడుతుంది. బట్టీ పట్టినవానికి పరీక్షకు ముందునాటి రాత్రియే చేజారిపోతుంది.

ఆంధ్రప్రదేశ్‌లో పి.యు.సి. అనే ఏడాది చదువు పోయి రెండేండ్ల ఇంటర్మీడియేటు వచ్చినది 1969లో. పొరుగున కర్ణాటకలో మాత్రం పి.యు.సి. అనే పేరు నేటికీ నిలిచి ఉన్నది. కోలారు, బళ్లారి ప్రాంతాల తెలుగు బిడ్డలు ఆ పేరుతోనే చదువుతున్నారు. పేరేదైనా పాఠ్యాంశంలోని సారం ఒక్కటే. ఒక భాగం సిద్ధాంతం, మరియొక భాగం భారత ఆర్థిక వ్యవస్థ. ఈ రెండు భాగాలకూ చదివే పద్ధతి వేరువేరు. ఆ భేదాన్ని గుర్తించడమే ఆయత్తంలో మొదటి మెట్టు.

ముందుగా నిర్వచనాల సంగతి చూతము. ఆడం స్మిత్ 1776లో అర్థశాస్త్రాన్ని సంపదను గూర్చిన శాస్త్రమన్నాడు. మార్షల్ 1890లో సంపద కంటె మానవ సంక్షేమానికి ప్రాధాన్యమిచ్చాడు. రాబిన్స్ 1932లో కొరతను ఆధారంగా గ్రహించాడు. విద్యార్థులు సాధారణంగా ఈ మూడింటిని మూడు విడివిడి పద్యాల వలె వల్లె వేస్తారు. పరీక్షలో ఒక పదం మరచిపోతే తక్కినది కూడా మరుగున పడుతుంది. అట్లు గాక ఇది ఒక వాదోపవాదమని గ్రహించవలెను. సంపదయే సర్వస్వమైతే మనిషికి చోటెక్కడ అని స్మిత్ మీద ఆక్షేపణ వచ్చినది. దానికి సమాధానంగా మార్షల్ మనిషిని ముందు నిలిపి, సంపదను అతని సంక్షేమానికి సాధనంగా చూపాడు. అయితే భౌతిక వస్తువులను మాత్రమే లెక్కించితే వైద్యుని సేవ, ఉపాధ్యాయుని సేవ, గాయకుని సేవ ఏమగును అని రాబిన్స్ ప్రశ్నించాడు. మనిషి కోరికలు అనంతములు, సాధనాలు పరిమితములు, ఆ సాధనాలకు అనేక ప్రయోజనాలున్నవి, కావున ఎంపిక తప్పదని తేల్చాడు. ఎకరం నేలలో వరి వేయుదమా మిరప వేయుదమా అని ఆలోచించే రైతు, చేతిలోని సొమ్ముతో ఇంటికప్పు బాగుచేయింతమా పిల్లవాని ఫీజు కట్టుదమా అని తర్కించుకొనే తల్లి, రాబిన్స్ చెప్పిన సమస్యనే ఎదుర్కొంటున్నారు. ఇట్లు ఒకరి నుండి మరియొకరికి కొక్కెం తగిలించి చదివితే ఒక్కటి గుర్తు వచ్చిన వెంటనే మిగిలిన రెండూ వాటంతటవే వస్తాయి.

తరువాత సూత్రాలు. ప్రతి సూత్రానికీ మూడు అంగాలుంటాయి: చెప్పే విషయం, అది వర్తించే షరతు, వర్తించని సందర్భం. విద్యార్థులు మార్కులు పోగొట్టుకొనేది ఎక్కువగా రెండవ అంగం దగ్గర. ధర తగ్గితే డిమాండు పరిమాణం పెరుగుతుంది, ధర పెరిగితే తగ్గుతుంది అన్నది డిమాండు సూత్రం. అయితే “ఇతర పరిస్థితులు మారనంతవరకు” అన్న మాట లేనిదే అది సూత్రం కాదు. ఉగాది ముందునాడు బజారులో మామిడికాయ ధర పెరుగుతుంది. అయినా ఆనాడు అమ్ముడుపోయే కాయలు మామూలు రోజుకంటె ఎక్కువే. అయితే డిమాండు సూత్రం అబద్ధమైనదా? కాలేదు. పండుగ వలన ప్రజల అవసరం మారినది. అనగా “ఇతర పరిస్థితులు” మారినవి. డిమాండు రేఖ మొత్తం కుడివైపునకు జరిగినది. ధర మారుటచేత అదే రేఖ మీద ఒక బిందువు నుండి మరియొక బిందువునకు పోవడం డిమాండు విస్తరణ లేక సంకోచం. ఆదాయం, అభిరుచి, ఇతర వస్తువుల ధరలు మారుటచేత రేఖయే స్థానం మారడం డిమాండు పెరుగుదల లేక తగ్గుదల. పరీక్షకులు ఎన్నిసార్లు అడిగినా విద్యార్థులు తడబడే భేదమిది. మామిడికాయను తలచుకొంటే తడబాటు ఉండదు.

రేఖాపటాలను కంటితో చూచి నేర్చుకొన్నామనుకోవడం భ్రమ. వాటిని చేతితో నేర్చుకోవలెను. తెల్లకాగితం మీద ముందు ఒక చిన్న పట్టిక వ్రాయండి: ధర అయిదు రూపాయలైతే పది కాయలు, నాలుగైతే ఇరవై, మూడైతే ముప్పై. నిలువు అక్షం మీద ధరను, అడ్డ అక్షం మీద పరిమాణాన్ని గుర్తించి బిందువులను కలపండి. రేఖ ఎడమ నుండి కుడికి ఎందుకు వాలుతున్నదో అప్పుడు వేలికొనకే తెలుస్తుంది. అక్షాలకు పేర్లు వ్రాయని పటం చిరునామా లేని ఉత్తరం వంటిది. పటం గీసి దానిని గూర్చి ఒక్క వాక్యమైనా వ్రాయకపోతే సమాధానం సగమే అవుతుంది.

వ్యాకోచత్వం అనే మాట వినగానే బెదిరేవారున్నారు. ధర నూటికి ఇంత మారితే డిమాండు నూటికి ఎంత మారినది అన్నదే అందులోని ప్రశ్న. ధర నూటికి పది పెరిగి, కొనుగోలు నూటికి రెండు మాత్రమే తగ్గితే, రెండును పదితో భాగించగా 0.2 వస్తుంది. ఒకటికంటె తక్కువ గనుక ఆ వస్తువుకు అవ్యాకోచ డిమాండు ఉన్నదన్నమాట. ఉప్పు దీనికి చక్కని ఉదాహరణ. ఇంతవరకు లెక్క. ఇందులోని మర్మం మన రైతుల బ్రతుకులో ఉన్నది. మదనపల్లె ప్రాంతంలో టమాటా విరగకాసిన సంవత్సరాన్ని ఊహించండి. ఒక రైతు నిరుడు నూరు బుట్టలు, బుట్ట రెండువందల చొప్పున అమ్మి ఇరవైవేల రూపాయలు తెచ్చుకొన్నాడనుకొందము. ఈ ఏడు అతనికే కాక అందరికీ పంట నూటికి ఇరవై హెచ్చినది. ఇంటింటా చారుకు, పప్పుకు కావలసిన టమాటా ఒక పరిమితికి మించదు గనుక అదనపు సరకు అమ్ముడుపోవడానికి ధర సగానికి దిగినది. ఇప్పుడతడు నూట ఇరవై బుట్టలు నూరు రూపాయల చొప్పున అమ్మగా చేతికి వచ్చినది పన్నెండువేలు. పంట పెరిగినది, రాబడి తగ్గినది. కోతకూలి, బండి కిరాయి పోను మిగిలేదేమీ లేదని తేలినప్పుడు పండిన పంటను బాట ప్రక్కన పారబోసే రైతును మనం వింతగా చూస్తాము. అతని దుఃఖానికి అర్థశాస్త్రంలో పేరు అవ్యాకోచ డిమాండు. ఈ సంగతి ఒకసారి మనస్సుకెక్కిన విద్యార్థి ఆ పాఠాన్ని మరువమన్నా మరువలేడు.

జాతీయాదాయం మరియొక గండం. స్థూల దేశీయోత్పత్తి, స్థూల జాతీయోత్పత్తి, నికర జాతీయోత్పత్తి అని పేర్లు బారులు తీరుతాయి. రెండే ప్రశ్నలు వేసుకొనండి. విదేశాల నుండి మనవారికి వచ్చే ఆదాయం, మన దేశం నుండి పరదేశీయులకు పోయే ఆదాయం, ఈ రెంటి తేడాను కలిపినామా? కలిపితే దేశీయం జాతీయమవుతుంది. యంత్రాల తరుగుదలను తీసివేసినామా? తీసివేస్తే స్థూలం నికరమవుతుంది. ఒకే వస్తువును రెండుసార్లు లెక్కించరాదన్న నియమాన్ని ఇడ్లీతో గ్రహించవచ్చును. రైతు ధాన్యాన్ని నూరు రూపాయలకు అమ్మినాడు. మిల్లువారు బియ్యం చేసి నూట ఏబదికి అమ్మినారు. హోటలు యజమాని ఇడ్లీలు చేసి రెండువందల ఏబదికి అమ్మినాడు. మూడూ కూడితే అయిదువందలు. దేశంలో నిజంగా పుట్టిన విలువ మాత్రం రెండువందల ఏబదియే. ఒక్కొక్కరు అదనంగా చేర్చిన నూరు, ఏబది, నూరు కూడి చూడండి, లెక్క సరిపోతుంది.

ఈ జాతీయాదాయపు లెక్క మన దేశంలో ఉత్త లెక్కగా ఆరంభం కాలేదు. 1867–68 సంవత్సరానికి భారతీయుని తలసరి ఆదాయం ఏడాదికి ఇరవై రూపాయలని దాదాభాయి నౌరోజీ అంచనా వేసి, పరాయి పాలనలో దేశం పేదదవుతున్నదని వాదించినాడు. పరిశోధనా పద్ధతిలో వి.కె.ఆర్.వి. రావుగారు 1931–32 సంవత్సరానికి లెక్క కట్టినారు. స్వాతంత్ర్యానంతరం 1949లో పి.సి. మహలనోబిస్ అధ్యక్షతన జాతీయాదాయ సంఘం ఏర్పడినది. ఈ మూడు మజిలీలు తెలిసినవానికి సమాధానానికి ఉపోద్ఘాతం దానంతట అదే సిద్ధమవుతుంది.

ఇక రెండవ భాగం, భారత ఆర్థిక వ్యవస్థ. ఇక్కడ భయం అంకెలది. అంకెలను ఒంటరిగా కంఠస్థం చేస్తే నిలువవు. ప్రతి సంవత్సరాన్నీ ఒక కారణానికి ముడివేయవలెను. 1969 జూలై 19న పదునాలుగు బ్యాంకులు జాతీయమైనవి. ఎందువలన? ప్రజల డిపాజిట్లు బడా పరిశ్రమలకే గాక వ్యవసాయానికి, చిన్న వృత్తులకు అందవలెనని. 1980లో మరి ఆరు బ్యాంకులు చేరినవి. వాటిలో ఒకటి ఆంధ్రాబ్యాంకు. 1923లో మచిలీపట్నంలో భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు స్థాపించిన ఆ సంస్థ 1980లో జాతీయమై, 2020లో యూనియన్ బ్యాంకులో విలీనమైనది. ఒక్క బ్యాంకు చరిత్రలోనే స్వదేశీ ఉద్యమం, జాతీయీకరణ, విలీనాలు అనే మూడు ఘట్టాలు ఇమిడి ఉన్నవి. అట్లే 1975లో ప్రాంతీయ గ్రామీణ బ్యాంకులు, 1982లో నాబార్డు. పల్లెకు ఋణం చేరవలెనన్న ఒకే తలపునకు ఇవి వరుస మెట్లు.

అంకెల విషయంలో మరియొక జాగ్రత్త అవసరం. పాత గైడులలో ప్రణాళికా సంఘం ఇంకా పని చేస్తున్నట్లే కనిపించవచ్చును. 1950లో ఏర్పడిన ఆ సంఘం స్థానంలో 2015 జనవరి 1న నీతి ఆయోగ్ వచ్చినది. 1951లో మొదలైన పంచవర్ష ప్రణాళికల పరంపర 2017లో పన్నెండవ ప్రణాళికతో ముగిసినది. ఆ ఏడాది జూలైలోనే వస్తు సేవల పన్ను అమలులోనికి వచ్చినది. కావున ఏ అంకె వ్రాసినా దాని ప్రక్కన సంవత్సరం వ్రాయండి. “1951లో ముప్పదియారు కోట్లు, 2011లో నూట ఇరవైయొక్క కోట్లు” అని వ్రాసినవాని మాటకు విలువ ఉన్నది. ఉత్తగా “జనాభా ఎక్కువ” అని వ్రాసినవాడు అందరికీ తెలిసినదే చెప్పినాడు.

చదివే పద్ధతిని గూర్చి రెండు మాటలు. ఒక పాఠాన్ని పదిసార్లు చదువుట కంటె, రెండుసార్లు చదివి, పుస్తకం మూసి, గుర్తున్నంత వ్రాసి, తప్పిపోయినదేమిటో సరిచూచుకొనుట మేలు. ఆ పాఠాన్నే మూడు రోజులకు, వారానికి, మరల మూడు వారాలకు తిరుగవేయండి. ఇంటిలో తల్లికో తమ్మునికో సొంత మాటలలో చెప్పి చూడండి. వారికి బోధపడకపోతే మీకింకా బోధపడలేదని అర్థం. పరిభాషను మాత్రం పాఠ్యపుస్తకంలోనిదే వాడవలెను. “ఉపాంత ప్రయోజనం” అనవలసిన చోట “చివరి లాభం” అంటే మార్కు పోతుంది.

పరీక్షా మందిరంలో కాలమే ద్రవ్యం. ప్రశ్నపత్రపు రూపం అప్పుడప్పుడు మారుతుంటుంది గనుక మీ బోర్డువారు విడుదల చేసిన నమూనాపత్రమే మీకు ప్రమాణం. మూడు గంటలు, నూరు మార్కుల పత్రమనుకొందము. ప్రశ్నలు చదువుటకు, చివర సరిచూచుటకు ఇరవై నిమిషాలు తీసివేయగా మిగిలినవి నూట అరవై నిమిషాలు. అనగా పది మార్కుల ప్రశ్నకు పదహారు నిమిషాలు, అయిదు మార్కులకు ఎనిమిది, రెండు మార్కులకు మూడు. తెలిసిన ప్రశ్న దొరికినదని దానికే అరగంట వెచ్చించినవాడు చివర రెండు తెలిసిన ప్రశ్నలను వదలి లేవవలసి వస్తుంది. ఒక ప్రశ్న మీద అదనంగా గడిపే ప్రతి నిమిషానికీ వచ్చే ఫలం క్రమంగా క్షీణిస్తుంది. క్షీణోపాంత ప్రయోజన సూత్రం పరీక్షా మందిరంలో కూడా పని చేస్తుందని మరువకండి.

తుదిగా తల్లిదండ్రులకు ఒక మనవి. పరీక్షల నెలలో ఇంట అన్ని మాటలూ మార్కుల చుట్టే తిరుగుతుంటాయి. ఆ మాటల బరువుకు క్రుంగి, ఫలితాలు వెలువడిన నాడు తొందరపాటుతో ప్రాణం తీసుకొన్న బిడ్డల వార్తలు తెలుగు నాట ఎన్నోమార్లు చదువవలసి వచ్చినది. తప్పిన విషయానికి సప్లిమెంటరీ పరీక్ష ఉన్నది, పోయిన బిడ్డకు లేదు. పిల్లవాడు ముభావంగా ఉన్నా, తిండి నిద్ర మానినా మార్కుల ప్రస్తావన కట్టిపెట్టి ప్రక్కన కూర్చొనండి. అధ్యాపకులకు, అవసరమైతే వైద్యునికి తెలియజేయండి.

విద్యార్థులారా, ఈ శాస్త్రం మీకు పరీక్షతో ముగిసేది కాదు. రేపు మీరు బ్యాంకులో అప్పు పత్రం మీద సంతకం చేసేటప్పుడు వడ్డీ లెక్క, పంట అమ్మేటప్పుడు ధర లెక్క, జీతం పెరిగినప్పుడు పెరిగిన ధరలతో దాని పోలిక, అన్నిటా ఇది మీతోనే ఉంటుంది. జీతం నూటికి పది పెరిగి, ధరలు కూడా నూటికి పది పెరిగితే మీ నిజాదాయం పెరగనట్లే. ఈ ఒక్క సంగతి తెలిసినవానిని ఉత్త అంకెలతో మభ్యపెట్టడం ఎవరికీ సాధ్యం కాదు. ఆ తెలివి కోసం చదవండి. మార్కులు దాని వెంటనే వస్తాయి.