ఎర్రదీపం ఎందుకు వెలిగింది?

కొబ్బరిబోండం కొట్టించుకొని స్ట్రాతో తాగేటప్పుడు మీకు రెండు రకాల ఇబ్బందులు ఎదురయ్యే ఉంటాయి. లేత కొబ్బరి ముక్క స్ట్రా మూతికి అడ్డుపడిందనుకోండి. ఎంత పీల్చినా బుగ్గలు లోపలికి పోతాయే గాని నీళ్ళు రావు. స్ట్రాకు పైన ఎక్కడో చిన్న చీలిక ఉందనుకోండి. అప్పుడు గుడగుడమని గాలి వస్తుంది గాని నీళ్ళు రావు. ఫలితం ఒక్కటే, కారణాలు వేరు. ఈ చిన్న తేడా గుర్తుండబట్టే గత జనవరిలో మా తమ్ముడి ఇంట్లో ఒక పెద్ద పొరపాటు జరగకుండా ఆగింది. ఆ సంగతి చెబుతాను.

మా తమ్ముడు ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్ నగరంలో ఉంటాడు. సంక్రాంతి సెలవులకు మరికొన్ని రోజులు కలుపుకొని చూడటానికి వెళ్ళాను. సంక్రాంతి అంటే మనకు చలికాలం. అక్కడ, భూమికి దక్షిణార్ధగోళం కనుక, మండు వేసవి. పిల్లలకు పెద్ద సెలవులు. ఆ ఊళ్ళో పెరట్లో ఈతకొలను ఉండటం మన పల్లెల్లో పెరటి నుయ్యి ఉండటం లాంటిదే. తమ్ముడి ఇంట్లోనూ ఒకటి ఉంది. అది ఉప్పునీటి కొలను.

"సముద్రం నీళ్ళు తెచ్చి పోశారేమిటిరా?" అని నేనూ మొదట అడిగాను. కాదట. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. ఈ కొలనులో ఉన్నది లీటరుకు 5 గ్రాముల ఉప్పు మాత్రమే. మన కన్నీళ్ళే అంతకంటె ఉప్పగా ఉంటాయి! అయినా కొలను మొత్తం 40,000 లీటర్లు. కనుక అందులో 200 కిలోల ఉప్పు, అంటే 25 కిలోల బస్తాలు ఎనిమిది, కరిగి ఉందన్నమాట.

ఆ ఉప్పు రుచి కోసం కాదు, క్లోరిన్ కోసం. నీటిలో కరిగిన ఉప్పు సోడియం అయాన్లుగా, క్లోరైడ్ అయాన్లుగా విడిపోయి ఉంటుంది. ఆ నీటిని లోహపు రేకులున్న ఒక ఘటం గుండా పంపి, రేకుల మధ్య విద్యుత్తు ప్రవహింపజేస్తారు. ఆనోడ్ దగ్గర క్లోరిన్ పుడుతుంది. కాథోడ్ దగ్గర హైడ్రోజన్ వాయువు, దానితోపాటు క్షారం ఏర్పడతాయి. మీ తొమ్మిదో, పదో తరగతి పుస్తకాలలో ఉన్న విద్యుద్విశ్లేషణే ఇది. క్లోరిన్ నీటితో కలిసి హైపోక్లోరస్ ఆమ్లంగా మారి సూక్ష్మజీవులను, నాచును చంపుతుంది. పని ముగిశాక తిరిగి క్లోరైడ్‌గానే మిగులుతుంది. అందుకే ఉప్పు ఖర్చయిపోదు. ఈత కొట్టేవారి ఒంటిమీద పోయిన నీటితోనూ, పొంగి పొర్లిన వాననీటితోనూ పోయేదే తప్ప!

ఇక నీరు నడిచే దారి చూడండి. కొలను అంచున స్కిమ్మరు అనే పెట్టె ఉంటుంది. పాలమీది మీగడ తీసినట్లు అది పైనీటిని, దానిమీద తేలే ఆకులతో సహా లాగుతుంది. ఆకులు అందులోని బుట్టలో ఆగుతాయి. నీరు గొట్టం వెంట పంపుకు వస్తుంది. పంపు ముందు పారదర్శకమైన మూత కింద ఇంకొక బుట్ట. పంపు నెట్టిన నీరు ఇసుక నింపిన డ్రమ్ములో వడకట్టబడి, ఘటం గుండా వెళ్ళి, తిరిగి కొలనులో పడుతుంది. డ్రమ్ము నెత్తిన పీడనం కొలిచే గేజి ఒకటి ఉంటుంది. ఈ గేజిని గుర్తు పెట్టుకోండి. మన కథకు నాయకుడు అదే.

ఒకనాటి ఉదయం తమ్ముడి కూతురు పరుగెత్తుకొచ్చింది. ఎనిమిదో తరగతి పిల్ల. "పెదనాన్నా, కొలను నీళ్ళు పచ్చబడుతున్నాయి. ఘటం పెట్టెమీద ఎర్రదీపం వెలుగుతోంది!" వెళ్ళి చూశాం. ప్రవాహం లేదని చెప్పే దీపం అది. పంపు మాత్రం తిరుగుతూనే ఉంది.

పొరుగింటి పెద్దాయన గోడమీదుగా చూసి సలహా చెప్పాడు. గొట్టంలో నీటి ప్రవాహాన్ని కనిపెట్టే స్విచ్ పాడై ఉంటుందట. దాని రెండు తీగలు కత్తిరించి కలిపేస్తే దీపం ఆరిపోతుందట. తన ఇంట్లో అలాగే చేశాడట. తమ్ముడు స్క్రూడ్రైవరు తెచ్చేశాడు కూడా.

"ఒరేయ్, ఆగు. ముందు గేజి ఎంత చూపిస్తోందో చెప్పు," అన్నాను.

మామూలుగా 80 కిలోపాస్కల్ దగ్గర ఉండే ముల్లు 30 దగ్గర వణుకుతోంది. పంపు మూతలోంచి చూస్తే లోపల బుడగలు సుడి తిరుగుతున్నాయి.

ఇక్కడ కొంచెం ఆలోచించండి. గేజి పంపు తరువాత ఉంది. గేజికి ఆవల, అంటే ఇసుకలోనో ఆ పైన గొట్టంలోనో అడ్డు ఉంటే, పంపు నెట్టుతూనే ఉంటుంది, నీరు పోలేదు. అప్పుడు పీడనం పెరగాలి. తోటకు నీళ్ళు పెట్టే గొట్టం కొసను బొటనవేలితో మూస్తే గొట్టం ఉబ్బదూ, అలాగ. ఇసుకలో మురికి చేరినప్పుడు జరిగేది ఇదే. మామూలు కంటె ముల్లు సుమారు 50 కిలోపాస్కల్ పెరిగితే నీటిని తలకిందులుగా పంపి ఇసుకను కడుగుతారు. మరి మాకు పీడనం తగ్గింది. అంటే పంపుకు నెట్టడానికి చాలినంత నీరే అందడం లేదు. లోపం గేజికి ఈవల, కొలనుకూ పంపుకూ నడుమ ఉంది. వెతకవలసిన చోటు ఒక్కసారిగా సగమైపోయింది!

పంపు స్విచ్ ఆపి, ప్లగ్గు పీకి, స్కిమ్మరు బుట్ట తీశాం. నిండా ఎర్రని రేకులు, సన్నని ఆకులు. పెరట్లో ఉన్నది మన తురాయి చెట్టే! అది మనదీ కాదు, వారిదీ కాదు, మడగాస్కర్ దీవి నుంచి రెండు దేశాలకూ వచ్చిన చెట్టు. దాని చిట్టి ఆకులు మొదటి బుట్ట కన్నాలలోంచి జారి పంపు బుట్టలోనూ ముద్దగా పేరుకున్నాయి. రెండు బుట్టలూ కడిగి, బోరింగులో నీళ్ళు పోసి కొట్టినట్లు పంపు గిన్నెలో నీళ్ళు నింపి, మూత బిగించి స్విచ్ వేశాం. ముల్లు 60కి వచ్చింది. కాని వణుకు పోలేదు, బుడగలు పోలేదు. అడ్డు పోయింది, చీలిక మిగిలిందన్నమాట.

"గొట్టంలో కన్నముంటే నీళ్ళు కారాలి కదా అన్నయ్యా? ఎక్కడా తడి లేదే!" అన్నాడు తమ్ముడు.

మంచి ప్రశ్న. పంపు నీటిని లాగుతుందని మనం అంటాం గాని, నిజానికి పంపు చేసేది తన ముందు పీడనాన్ని తగ్గించడమే. కొలనుమీద ఉన్న వాతావరణ పీడనం నీటిని గొట్టంలోకి తోస్తుంది. ఇటలీలో బావుల పంపులు సుమారు 10 మీటర్లకు మించి నీటిని ఎందుకు ఎత్తలేకపోతున్నాయన్న చిక్కు నుంచే టారిసెల్లీ 1643లో బారోమీటరు దాకా వెళ్ళాడు. ఆ వైపు గొట్టంలో పీడనం బయటికంటె తక్కువ కనుక, సందు దొరికితే నీరు బయటికి రాదు, గాలి లోపలికి దూరుతుంది. కళ్ళకు తడి కనబడని కారుడు ఇది.

దాన్ని పట్టుకోవడానికి ఒక సులువు ఉంది. పంపు తిరుగుతుండగా అతుకుల మీద ఒక్కొక్కదానిపై చెంబుతో నీళ్ళు పోయాలి. ఏ అతుకు మీద పోసినప్పుడు బుడగలు ఆగుతాయో సందు అక్కడ ఉన్నట్టు, ఎందుకంటే కాసేపు గాలికి బదులు నీరు లోపలికి పోతుంది. ఆ పిల్ల చేత చెంబు పట్టించాను. విద్యుత్ మోటారు మీద చుక్క పడకుండా నేను అడ్డుగా నిలబడ్డాను. మీరు పెద్దలు లేకుండా ఈ పని చేయకండి. మూత అంచున పోయగానే బుడగలు ఆగాయి. మూత కింది రబ్బరు కట్టు తీసి చూస్తే, ఒక తురాయి ఆకు దానికి అతుక్కుని ఉంది. మేము మూత బిగించేటప్పుడు మాతోనే పడిందో, ముందే ఉందో! తుడిచి, రబ్బరుకు సిలికోన్ గ్రీజు రాసి మళ్ళీ బిగించాం. ముల్లు 80 దగ్గర నిలకడగా నిలిచింది. కొలనులోకి నీరు జోరుగా పడుతోంది.

అయినా ఎర్రదీపం ఆరలేదు.

పొరుగాయన నవ్వాడు. నాకూ కొంచెం సిగ్గేసింది. ప్రవాహం ఉన్నదని కంటితో చూస్తున్నాం, స్విచ్ లేదంటోంది. ఇక అనుమానించవలసింది స్విచ్‌నే. ఘటానికి కిందుగా గొట్టంలో వేలెడంత తెడ్డు ఒకటి ఉంటుంది. ప్రవాహం దాన్ని నెడితేనే ఘటానికి విద్యుత్తు అందుతుంది. అన్నీ ఆపి విప్పితే తెడ్డు కీలులో తెల్లని పెచ్చు ఒకటి ఇరుక్కుని ఉంది. కాథోడ్ దగ్గర క్షారం పుడుతుందన్నాను కదా, అక్కడ నీటిలోని కాల్షియం సున్నపు కార్బొనేటుగా గడ్డకడుతుంది. మన కాగే నీళ్ళ బిందెలో పట్టే తెల్లపొర వంటిదే. దాన్ని రాల్చడానికే యంత్రం కొన్ని గంటలకొకసారి ఆనోడ్, కాథోడ్‌లను తారుమారు చేస్తుంది. అలా రాలిన పెచ్చు, పంపు ఆగినప్పుడు కిందికి జారి తెడ్డును పట్టేసింది. పుల్లతో తీసేశాం. పచ్చదీపం వెలిగింది.

కనుక పొరుగాయన చెప్పిందీ సగం నిజమే, స్విచ్‌లోనూ లోపముంది. మరి తీగలు కలిపేస్తే ఏమయ్యేది?

ఆ ప్రశ్నకు మధ్యాహ్నం అందరం కూర్చుని లెక్క వేశాం. ఆ ఘటం గంటకు 20 గ్రాముల క్లోరిన్ చేస్తుంది. 71 గ్రాముల క్లోరిన్ పుట్టేచోట 2 గ్రాముల హైడ్రోజన్ పుడుతుంది. అది మామూలు ఉష్ణోగ్రతలో సుమారు 24 లీటర్లు. అయితే 20 గ్రాములకు? దాదాపు 7 లీటర్లు! నీరు పారుతున్నంతసేపు ఆ బుడగలు కొలనులోకి కొట్టుకుపోయి గాలిలో కలిసిపోతాయి. బుట్టలు పూర్తిగా మూసుకుపోయి, పంపు వట్టినే తిరుగుతూ, తెడ్డు మాట ఎవరూ వినకపోతే? లీటరు పట్టే ఘటం పది నిమిషాలలోపే వాయువుతో నిండిపోతుంది. గాలిలో నూటికి 4 వంతులు మొదలు 75 వంతుల దాకా హైడ్రోజన్ ఉంటే ఒక్క నిప్పురవ్వ చాలు. ప్రయోగశాలలో పరీక్షనాళిక మూతి దగ్గర అగ్గిపుల్ల పెట్టి నేను ఏటా పిల్లలకు వినిపించే 'టప్' శబ్దం కొన్ని ఘనసెంటీమీటర్లది. ఇది లీటర్ల లెక్క, పైగా మూసి ఉన్న ఘటంలో, పిల్లలు ఈదే చోటికి నాలుగడుగుల దూరంలో.

పెద్దాయన ఏమీ అనలేదు. సాయంత్రం మాత్రం తమ్ముడి దగ్గర స్క్రూడ్రైవరు అడిగి పట్టుకెళ్ళాడు. ఇంట్లో కలిపేసిన తీగలు విడదీసి, కొత్త స్విచ్ తెప్పించి పెట్టుకునేదాకా ఘటాన్ని ఆపి ఉంచాడని మరునాడు తెలిసింది.

కొలను నీళ్ళు తేటపడటానికి మూడు రోజులు పట్టింది. ఈలోగా తమ్ముడి కూతురు చెరగని సిరాతో గేజి పక్కన '80' అని రాసి, కింద తెలుగులో 'తగ్గితే ముందు, పెరిగితే వెనక' అని రాసుకుంది. ముందు అంటే పంపు ముందనీ, వెనక అంటే ఇసుక డ్రమ్ము, దాని తరువాతి గొట్టాలనీ ఆ పిల్ల లెక్క. 'వెనక'లో 'న'కు కొమ్ము పెట్టి 'వెనుక' అని దిద్దాను. రెండూ సరేనని తమ్ముడు వాదించాడు.