పక్షవాతం పునరావృతి – ఆహారజన్య జీవక్రియోత్పన్నాలు: కొల్లేటి ప్రాంత భోజనం నేపథ్యంలో ఒక వివరణ

కీలకపదాలు: పక్షవాతం, పథ్యం, జీవక్రియోత్పన్నాలు, హోమోసిస్టీన్, కొల్లేరు.

1. ఉపోద్ఘాతం

‘పక్షవాతం’ అన్న మాటలో ‘పక్షం’ చచ్చుబడిన శరీర భాగాన్ని, ‘వాతం’ అందుకు కారణమని భావించిన దోషాన్ని సూచిస్తాయి. వ్యాధి మూలం మెదడు రక్తనాళాల్లో ఉన్నదన్న విషయం ఈ మాటలో కనిపించదు. వాతదోషం అనగానే పథ్యం గుర్తుకు రావడం మన సమాజంలో సహజం. ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేటి లంకల్లో చేప నిత్యాహారం. కనుక ఒకసారి పక్షవాతం వచ్చిన మనిషికి చేప పెట్టవచ్చునా అన్నది ఇక్కడ చిన్న ప్రశ్న కాదు.

2. జీవక్రియోత్పన్నాలు

ఆహారం పేగుల్లోని సూక్ష్మజీవుల వల్ల, శరీర కణాల వల్ల మార్పు చెందగా ఏర్పడే చిన్న అణువులే జీవక్రియోత్పన్నాలు. కోడిగుడ్డు పచ్చసొనలోని కోలిన్‌ను, వేటమాంసంలోని కార్నిటిన్‌ను పేగుల్లోని బ్యాక్టీరియా ట్రైమిథైలమైన్‌గా మారుస్తుంది. కాలేయం దానిని ట్రైమిథైలమైన్ ఎన్-ఆక్సైడ్‌గా మారుస్తుంది. 2013లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ ప్రచురించిన, 4,007 మందిపై జరిగిన అధ్యయనం ఈ పదార్థం రక్తంలో అధికంగా ఉన్నవారికి గుండెపోటు, పక్షవాతం, మరణాల ముప్పు ఎక్కువని చూపింది. చైనాలో జరిగిన పరిశీలనలు పక్షవాతం తిరగబెట్టడంతోనూ దీనికి సంబంధాన్ని గుర్తించాయి. రక్తఫలకికలను ఇది మరింత చురుకుగా గడ్డకట్టేలా చేస్తుందని 2016 నాటి ప్రయోగాలు సూచించాయి.

3. మంచినీటి చేప, ఉప్పునీటి చేప

ఈ పదార్థం సముద్రపు చేపల కండరాల్లో సహజంగానే అధికం. ఉప్పునీటి ఒత్తిడిని తట్టుకోవడానికి అది వాటికి తోడ్పడుతుంది. చేప పాడవుతున్నప్పుడు వచ్చే నీచు వాసనకు ముఖ్యకారణం ఇది ట్రైమిథైలమైన్‌గా విడిపోవడమే. శీలావతి, బొచ్చె, కొర్రమీను వంటి మంచినీటి చేపల్లో ఇది సాధారణంగా చాలా తక్కువ. కాబట్టి ‘చేప’ అన్న ఒక్క మాట కింద రెండింటినీ చేర్చి నిషేధించడం శాస్త్రీయం కాదు. పైగా దీనిని విసర్జించేవి మూత్రపిండాలు. అవి దెబ్బతిన్నవారిలో ఆహారం మారకపోయినా దీని స్థాయి పెరుగుతుంది. అంటే పెరిగిన స్థాయి కారణమూ కావచ్చు, మరో వ్యాధికి సూచికా కావచ్చు.

4. హోమోసిస్టీన్ నేర్పిన పాఠం

సూచికకూ కారణానికీ ఉన్న భేదాన్ని హోమోసిస్టీన్ చరిత్ర స్పష్టం చేస్తుంది. ఫోలిక్ ఆమ్లం, బి12 లోపించినప్పుడు పెరిగే ఈ ఉత్పన్నానికీ పక్షవాతానికీ సంబంధం ఉన్నదని ముందే తెలుసు. రక్తనాళం మూసుకుపోవడం వల్ల పక్షవాతం వచ్చిన 3,680 మందిపై జరిపిన పరీక్ష ఫలితాలు 2004లో వెలువడ్డాయి. అధిక మోతాదు విటమిన్లతో హోమోసిస్టీన్ తగ్గింది కాని, రెండేళ్లలో పునరావృతి తగ్గలేదు. ఇందుకు భిన్నంగా, 2001లో వెలువడిన ‘ప్రోగ్రెస్’ పరీక్షలో 6,105 మందిపై రక్తపోటు తగ్గించే చికిత్సను పరీక్షించి చూడగా, చికిత్స పొందినవారిలో పునరావృతి 28 శాతం తగ్గింది.

5. ముగింపు

జీవక్రియోత్పన్నాల పరిశోధన ఆహారానికీ వ్యాధికీ మధ్య ఉన్న దారిని చూపుతున్నది. అది ఇంకా పథ్యపు పట్టిక కాలేదు. రోజుకు ఐదు గ్రాముల లోపు ఉప్పు చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తున్నది. ఆ లెక్కన కొల్లేటి ఇంట సందేహించవలసింది తాజా చేపల పులుసును కాదు. ఉప్పుచేపను, ఆవకాయను, అప్పడాన్ని. పథ్యం పాటిస్తున్నామన్న ధీమాతో రక్తపోటు మాత్ర మానివేయడం అంతకన్నా ప్రమాదకరం.